పసుపు బండిలో పదవీ విరమణ

మార్చి ముప్పై ఒకటిన వీరేందర్ వేసుకున్న పథకంలో తప్పు పట్టడానికి ఏమీ లేదు. ఆరింటికి తొర్రూరులో బయలుదేరడం, నర్సంపేట, ములుగు మీదుగా పదింటికల్లా భూపాలపల్లి చేరడం, పదకొండింటికి బొగ్గు గని ముందు సన్మానం అయ్యాక బావ సోమనర్సయ్యను తన కారులో కూర్చోబెట్టి డప్పులతో క్వార్టర్ దాకా ఊరేగించడం. సోమనర్సయ్యకు ఆ రోజే ఆఖరి డ్యూటీ. ముప్పై ఆరేళ్లు గనిలో నీళ్లు తోడే పంపుల దగ్గర పనిచేసిన మనిషి. వీరేందర్ పన్నెండో ఏట తండ్రి పోతే, అక్క సత్తమ్మ వెంట వచ్చిన ఆ పిల్లవాడిని ఇంట్లో పెట్టుకుని డిగ్రీ దాకా చదివించింది ఆయనే. అలాంటి బావను ఒక్క పూటైనా రాజులా తిప్పాలని వీరేందర్ కోరిక.

కారు సంగతి వేరు. వీరేందర్‌కు తొర్రూరులో రంగుల దుకాణం ఉంది. అందుకే కాబోలు, హైదరాబాదులో ఎవరో వదిలించుకుంటున్న ఆ రెండు సీట్ల స్పోర్ట్స్ కారును రంగు చూసి కొన్నాడు. నిమ్మపండు పసుపు. ఒళ్లంతా ఫైబర్, నేలకు జానెడు ఎత్తు, ఇంజన్ సీట్ల వెనక. ఇంజన్‌ను చల్లబరిచే రేడియేటర్ మాత్రం ముందు మూతి దగ్గర. ఈ రెండింటి మధ్య నీళ్లు గొట్టాల్లో కారంత పొడవునా పోయి రావాలి. ఇలాంటి కార్ల యజమానులకు వాట్సాప్‌లో ఒక గ్రూపు ఉంది. పొద్దున లేస్తే అందులో ఒకరు దారి పక్కన ఆగిన బండి ఫొటో పెడతారు, మిగతావాళ్లు "మాకూ అంతే" అని ఊరడిస్తారు. తలుపు పిడి విరగడం, కిటికీ అద్దం దిగకపోవడం, ఫోను చార్జింగ్ ఎక్కకపోవడం, ఇంజన్ వేడెక్కడం అన్నీ అక్కడ పేరున్న జబ్బులే. వీరేందర్ వాటిని భార్యకు గర్వంగా వివరించేవాడు.

"జాతి గుర్రం అసొంటిది భాగ్యా. అలుగుతది గని, పరుగు అందుకుంటె దానికి సాటి లేదు."

"మొన్న మార్కెట్ దాక పోయి నువ్వే నూక్కుంట తెచ్చినవ్ గద," అంది భాగ్య. "బావ కోసం జీపు మాట్లాడు. పూలు గడితె అది గూడ మంచిగనే ఉంటది."

ఆ మాట చెల్లకపోయేసరికి ఆమె ముందురోజే బస్సెక్కి భూపాలపల్లి వెళ్లిపోయింది.

ములుగు దాకా కారు వీరేందర్ మాట నిలబెట్టింది. ఘనపూర్ దాటుతుండగా వేడి చూపించే ముల్లు ఎర్ర గీత మీదికి ఎక్కి అక్కడే కూర్చుంది. వీపు వెనక కుతకుత చప్పుడు, ఆపైన ఆవిరి, ఆపైన నిశ్శబ్దం. అప్పటికే ఫోన్ కూడా పడుకుంది.

దగ్గర్లో బైకులు బాగుచేసే నరేశ్ వచ్చి ముందు మూత ఎత్తాడు. చాలాసేపు లోపలికి చూశాడు. మక్కజొన్నలు తేవడానికి ఖాళీ ట్రాలీతో పోతున్న హీరాలాల్ ట్రాక్టర్ ఆపి తానూ చూశాడు.

"అన్న, ఇంజన్ లేదు," అన్నాడు నరేశ్ మెల్లగా, చెడ్డ కబురు చెప్పేవాడిలా.

"ఏడ పడ్డదో ఏమో, ములుగు దాక చూసుకుంట పోవాలె," అన్నాడు హీరాలాల్.

"ఎనుక ఉంటది తమ్మి, సీట్ల ఎనుక," అని వీరేందర్ విడమరిచేసరికి పది నిమిషాలు పట్టింది. కారు చల్లబడ్డాక నరేశ్ బకెట్టుతో నీళ్లు పోశాడు. రెండు గుక్కలు లోపలికి పోయాయి, మిగతాది పైకి తన్నింది. మళ్లీ పోస్తే మళ్లీ తన్నింది. "గీ రోగం నాకు తెల్వది అన్న," అని అతడు చేతులు కడుక్కున్నాడు.

తొమ్మిదిన్నర అయింది. చివరికి నలుగురు కలిసి కారును అమాంతం ఎత్తి రోడ్డు మీద తిప్పి, హీరాలాల్ ట్రాలీకి తాడుతో కట్టారు. "మా ఇంటామెకు ఫోన్ చేసి జర లేటయితదని చెప్పు," అని హీరాలాల్‌కు నంబరు రాసిచ్చి వీరేందర్ స్టీరింగ్ ముందు కూర్చున్నాడు. తలుపు మూసుకుంది. లోపలి పిడి విరిగి చేతిలోకి వచ్చింది. ఎడమ తలుపు కొన్ననాటి నుంచీ లోపలి నుంచి తెరుచుకోదు. అద్దాలు దిగలేదు. అతడు హారన్ కొట్టాడు. అది మోగకపోయేసరికి ఆగమని చెయ్యి ఊపాడు. బయలుదేరమని చెయ్యి ఊపుతున్నాడనుకుని హీరాలాల్ బయలుదేరాడు.

కొంత దూరం పోయాక ట్రాక్టర్ మీద నుంచే భాగ్యకు ఫోన్ చేశాడు.

"అక్కా, నేను హీరాలాల్‌ను, ఘనపూర్ కాడి తండ. వీరేందరన్న చెయ్యమంటె చేస్తున్న."

"ఏమైంది అన్నా?"

"ఏం చెప్పాలె. రోడ్డు మీదనే ఆగిపోయింది. పెయ్యంత కాలిపోతున్నది. నీళ్లు పోస్తె లోపలికి పోతలేవు, అన్ని బయటికే ఒస్తున్నయి."

"అయ్యో, ఏం ఆగిపోయింది?"

"ట్రాక్టర్ సప్పుడుకు వినవడ్తలేదక్క. పరేషాన్ గాకు, నేనే తీస్కస్తున్న. బరువు గూడ ఏం లేదు, నలుగురం పట్టుకుంటె లేసింది."

తాడు చివర కనిపిస్తూనే ఉన్నదాని పేరు మళ్లీ ప్రత్యేకంగా చెప్పాలని హీరాలాల్‌కు తోచలేదు.

గని ముందు షామియానా కింద భాగ్య కూలబడింది. "రోడ్డు మీద పడిపోయిండంట వదినా," అంది. సత్తమ్మ భర్త దగ్గరికి పరుగెత్తేలోగా ఆ కబురు కాస్తా మాట పడిపోయిందని మారింది. అక్కడి నుంచి వేదిక ఎక్కేసరికి ఏమైందో గానీ, శాలువా పట్టుకుని నిలబడ్డ అధికారి మైకులో రెండు నిమిషాలు మౌనం పాటిద్దామన్నాడు. డప్పులవాళ్లు డప్పులు కింద పెట్టారు.

సోమనర్సయ్య మెడలోని దండలు తీసి కుర్చీ మీద పెట్టాడు. "మనిషింక రానే లేదు సారూ, గప్పుడే ఏం మౌనం. అంబులెన్స్ పిలువున్రి." చెప్పులు మరిచి గేటు దాకా పరుగెత్తాడు. గని లోపల రెండుసార్లు కప్పు కూలినప్పుడు కూడా ఆయన అలా పరుగెత్తలేదని తోటివాళ్లు తరువాత చెప్పుకున్నారు.

పదకొండున్నరకు ట్రాక్టర్ వచ్చింది. దారికిరువైపులా జనం, ముందు అంబులెన్స్, చేతుల్లో పూలదండలు. ఈ పసుపు కారులో ఉన్నది ఎంత పెద్దమనిషో అనుకుని హీరాలాల్ వేగం తగ్గించి అందరికీ దండం పెట్టాడు. మూసిన అద్దాల వెనక రెండు గంటలు ఎండలో ఉడికిన వీరేందర్ చెమటతో తడిసి, నోరు తెరుస్తూ మూస్తూ కనిపించాడు. బయటి నుంచి తలుపు తీశారు. ఆ సీటు నేలకు అంటుకునే ఉంటుంది కనుక కాళ్లు తిమ్మిరెక్కి అతడు లేవలేకపోయాడు. లాగి నిలబెడితే కూలిపోయాడు.

"నాకేం కాలే. గాలి ఇరికింది, నీళ్లు తిరుగుతలేవు," అన్నాడు బొంగురు గొంతుతో.

"ఊపిరాడుతలేదంటుండు," అని అంబులెన్స్ నర్సు అతడిని స్ట్రెచర్ మీద పడుకోబెట్టి పట్టీలు బిగించింది.

"సంబురం కరాబు చేస్తి బావా," అన్నాడు వీరేందర్.

"పండుకో రా," అన్నాడు సోమనర్సయ్య, అతడి నుదుటి మీద చెయ్యి పెట్టి. వాహనం కదిలింది. పక్కన భాగ్య ఎక్కింది.

మాట ఉంది, గుర్తుపడుతున్నాడు, నాడి గట్టిగా కొట్టుకుంటోంది అని తెలిశాక అందరూ హీరాలాల్ చుట్టూ చేరారు. ఆగిపోయింది ఇంజన్ అనీ, కాలిన పెయ్యి కారు ఒళ్లనీ అప్పుడు బయటపడింది. సత్తమ్మ ఏడుపు ఆపి తమ్ముడిని తిట్టడం మొదలుపెట్టింది. సోమనర్సయ్య కారు వెనకకు వెళ్లి మూత తీయించి, గొట్టాన్ని వేళ్లతో నొక్కుతూ వంగి విన్నాడు.

"నీళ్లల్ల గాలి ఇరికింది. వాడు చెప్పింది నిజమే. మా పంపులకు గిది రోజుండే రోగం. జర ముక్కు లేపున్రి దీన్ని."

ఆరుగురు కార్మికులు మూతిని నడుం దాకా ఎత్తి పట్టుకున్నారు. ఆయన అధికారి చేతిలోని శాలువా తీసుకుని నడుముకు చుట్టుకుని, గాలి పోయేలా రేడియేటర్ మీది చిన్న మర వదులు చేశాడు. కారు చాలాసేపు నిట్టూర్చింది. ఆ తరువాత పోసిన నీళ్లన్నీ బుద్ధిగా తాగింది. ఆయన కూతురు శృతి ఓపెన్ కాస్టు గనిలో అరవై టన్నుల డంపర్ లారీ నడుపుతుంది. ఆమె సీట్లో సర్దుకుని తాళం తిప్పింది. ఇంజన్ పలికింది.

"నాయినా, గిది బండా, కుర్చీనా?" అంది.

"దీంట్లనే పోదాం బిడ్డా. వాడు నా కోసమనే తెచ్చిండు." సోమనర్సయ్య పక్క సీట్లోకి దిగాడు. "ఇంజన్ వేడి తగ్గాలంటె లోపలి హీటర్ ఏస్కో. ముప్పై ఆరేండ్లు గనిల ఉన్నోనికి గీ ఉడుకు ఒక లెక్కనా."

సత్తమ్మ, చుట్టాలు హీరాలాల్ ట్రాలీ ఎక్కారు. డప్పులు మోగాయి.

దవాఖానలో వీరేందర్‌ను సాయంత్రం దాకా కదలొద్దన్నారు. ఊరేగింపు ఆ వీధిలోకి రాగానే అతడు మోచేతి మీద లేచి కిటికీలోంచి చూశాడు. పసుపు కారు ఎక్కడా ఆగకుండా, దగ్గకుండా, డప్పుల అడుగుకు అడుగు కలుపుతూ పోతోంది. లోపల బావ చెమటలు కక్కుతూ, నవ్వుతూ, జనానికి చెయ్యి ఊపుతున్నాడు. భాగ్య కళ్లు తుడుచుకుంది. సెలైన్ సూది సరిచేస్తున్న వార్డు నర్సు కూడా ఆగి చూసింది.

"మస్తుగ నడుస్తున్నది. ఎవరిది అన్నా, గా బండి?"

"మా బావది," అన్నాడు వీరేందర్.

సీసాలో సెలైన్ ఇంకా సగానికి పైగా ఉంది.