లైల్ ఎంగెబ్రెట్సన్ మోంటానీయుండైన విధంబు

హిమశిఖరకిరీటంబై, దేవదారువనశ్యామలంబై, మనుజులకంటె గోవులు మిక్కుటంబై, గాలి వీవని దినంబు లేనిదై విలసిల్లు మోంటానా రాష్ట్రంబున, మార్చి మాసంబున, కరగుదునా మానుదునా యని మంచు సందేహించుచున్న ఒకానొక అపరాహ్ణంబున, మినెసోటానుండి ఒక పాత ట్రక్కు వచ్చి ఒక అద్దె యింటి యెదుట నిలిచెను.

అందుండి దిగినవాడు ఎంగెబ్రెట్సన్ కులతిలకుండు, ధాన్యపు గోదాముల యంత్రములు బాగుచేయుచు జీవితమెల్ల గడపి యిటీవలనే విశ్రాంతి నొందిన ధీరుండు, లైల్. వెనుక దిగినది ఆయన ధర్మపత్ని మార్లిస్. చర్చి పాటల బృందమును, ముగ్గురు చెల్లెండ్రను విడిచి వచ్చిన యా సాధ్వి చుట్టును పరికించి యిట్లనియె:

"ఏమండీ, ఈ గాలి ఎప్పుడైనా ఆగుతుందా?"

"ఆగుతుందిలే."

అది ఆగలేదు.

ఇంతటి వలసకు హేతువేమనిన, ఆ కొండలయందు ఎల్క్ అను మహాశృంగమృగములు సంచరించును. వానిని వేటాడుటకు పరరాష్ట్రీయుడు లాటరీలో పేరు వేయవలె. స్థానికుడో, దుకాణమున ఉప్పు కొన్నంత సులభముగా లైసెన్సు కొనును. లైల్ ఏటేట పేరు వేసి, ఏటేట ఓడి, అదృష్టమును మార్చజాలక తుదకు చిరునామాను మార్చెను.

అయితే స్థానికత్వము ఊరక సిద్ధించునది కాదు. ఆరు మాసములు అచ్చటనే కాపురముండవలె. ట్రక్కు నంబరు పలకయు, ఓటును మోంటానావే కావలె. అన్నింటిని మించి, ఆ వ్రతకాలమున మరియొక రాష్ట్రమున స్థానికుడనని చెప్పి వేటయైనను, చేపలు పట్టుటయైనను చేయరాదు. ఈ నియమమును లైల్ మంత్రమువలె కంఠస్థము చేసెను.

అంతట జూలై మాసంబున మహాపరీక్ష యెదురయ్యె. అన్నగారైన గోర్డీ కూతురి పెండ్లికి దంపతులు మినెసోటాకు వెడలిరి. వివాహదినమున ఉషఃకాలంబున అన్నదమ్ములిద్దరు తమ బాల్యక్రీడారంగమైన సరస్సున పడవ నెక్కిరి. పర్వతసన్నిభుండును, వాచాలుండును, చేపలపాలిటి యముండును నగు గోర్డీ, తమ్మునివంక ఒక గాలము చాచెను.

"పట్టుకోరా లైలూ."

"వద్దన్నయ్యా. లైసెన్సు తీసుకోలేదు."

"తీసుకోమని నిన్ననే చెప్పానుగా! దుకాణంలో పాత అడ్రసు చెప్తే ఇచ్చేవాడు."

"ఇక్కడివాణ్ణే అని చెప్తే అక్కడ నా ఆరు నెలలూ గంగపాలు."

"అయితే బయటివాణ్ణని చెప్పి తీసుకో. ఎవడొద్దన్నాడు?"

లైల్ నీటివంక చూచెను. ఈత నేర్చినదా నీటనే. తండ్రి భుజములపై నెక్కి మొదటి చేపను పట్టినదా నీటనే.

"ఈ సరస్సులో బయటివాణ్ణి అని చెప్పడానికి నాకు నోరు రాలేదన్నయ్యా," అనియె.

గోర్డీ గాలమునకు ఎర గ్రుచ్చెను. పిదప, "అటూ కాక ఇటూ కాక ఎందుకొచ్చిన బతుకురా ఇది?" అని గాలము తానే విసరెను.

విసరినంతనే దారము ధనుర్జ్యావల్లరివలె బిగిసెను, కర్ర అర్ధచంద్రాకృతి దాల్చెను, పడవ గిరగిర తిరిగెను, మకరప్రతిమానంబగు నొక మహామత్స్యంబు జలోపరిభాగంబునకు లేచి, వెండికొండ తునియవలె మెరసి, మరల మునిగెను.

"వల! వల పట్టరా ఒరేయ్! నీ పక్కనే ఉంది!"

లైల్ వలను చూచెను. వల లైలును చూచెను. ఆ క్షణమున ఆ వీరుని హృదయకుహరమున నిట్టి గర్జన పుట్టెను: "ఓరీ జలచరమా! వల పట్టుటయు వేటయే యని శాసనము చెప్పునో చెప్పదో యెరుగను. ఎరుగని చోట అడుగు పెట్టి, ఎల్క్ శృంగరాజములను నీ పొలుసులకు తాకట్టు పెట్టుదునా? సూర్యుడు పడమట నుదయించుగాక, నా హస్తము ఈ వల నంటదు!"

నోట మాత్రము, "నా వల్ల కాదన్నయ్యా," అనియె.

దారము తెగెను.

గోర్డీ తీరము చేరువరకు నోరు తెరువలేదు. చేరిన పిదప మూయలేదు. పెండ్లి విందున బల్ల బల్లకు వెడలి, "నా జన్మలో అంత చేప తగల్లేదు, వీడు చేతులు కట్టుకుని కూచున్నాడు," అని చాటెను. లైల్ తల యెత్తక, పుట్టగొడుగుల సూపు పోసి కాల్చిన బంగాళాదుంపలను భుజించెను.

తిరుగు ప్రయాణమున మార్లిస్ అడిగెను: "మీ అన్నయ్య కంటే ఎక్కువా ఆ లైసెన్సు?"

లైల్ నడుమనున్న నార్త్ డకోటా రాష్ట్రము పొడుగునను బదులు వెదకెను.

సెప్టెంబరు మాసంబున వ్రతము ముగిసెను. లైల్ క్షౌరము చేయించుకొని, ఇస్త్రీ చొక్కా ధరించి, వన్యమృగశాఖ కార్యాలయద్వారమును సమీపించెను. డార్లా యను ఉద్యోగిని చూయింగ్ గమ్ నములుచు అడిగెను:

"ఈ ఆరు నెలల్లో వేరే రాష్ట్రంలో స్థానికుడిగా లైసెన్సేమైనా తీసుకున్నారా?"

"అమ్మా, జూలైలో మా అన్నయ్య పడవలో ఇంతటి చేప. వల నా పక్కనే ఉంది. అయినా సరే నేను—"

"తీసుకున్నారో లేదో చెప్పండి చాలు."

"లేదు."

"అక్కడ సంతకం పెట్టండి."

లైసెన్సు చేతికి వచ్చెను. వెలుపల ట్రక్కున గూర్చుండి లైల్ దానిని పెద్దగా చదివెను. మార్లిస్ గడ్డము క్రింద చేయి చేర్చి వినెను, రెండవసారియు వినెను.

అక్టోబరు చివర వేట ఆరంభమయ్యె. ఆ వారముననే గోర్డీ చెప్పక చేయక వచ్చి గుమ్మమున నిలిచెను. "చేప సంగతి మర్చిపోయాననుకోకు. నువ్విల్లొదిలి వచ్చేంత గొప్పవేంటో ఈ కొండలు, చూద్దామని వచ్చా," అనియె. లైల్ ఆయన పెట్టె నందుకొనెను. ఇద్దరును మోకాలిలోతు మంచున, మోకాలినొప్పులతో, శిఖరము తరువాత శిఖరము నధిరోహించిరి. కనబడినది ఎల్క్ పృష్ఠభాగమొక్కటే. అదియును అదృశ్యమగుచు.

దిగివచ్చి పెట్రోలు బంకున ఆగిరి. గోర్డీ డోనట్లు కొన లోనికేగెను. లైల్ కాఫీ చేబూని వెలుపల, ట్రక్కునకు ఎడముగా, రెండవ పంపు చెంత నిలుచుండ, పశువుల కాపరి టోపీ ధరించిన ఒక వృద్ధుడు వచ్చి, గోర్డీ ట్రక్కునకున్న మినెసోటా పలకను చూచి, నేలపై నుమ్మి, లైల్ వైపు తిరిగెను.

"చూశావా? మళ్ళీ దిగారు. మన కొండల్లో మనకే చోటు లేకుండా చేస్తున్నారు."

మన! 'మా' అనలేదు, 'మన' యనెను! మోంటానాభూమిలో పుట్టి పెరిగిన ముఖమునుండి, అడుగక, ఆలోచింపక, ఉమ్మివేసినంత సహజముగా వెడలెను ఆ రెండక్షరములు! లైల్ కన్నులు చెమర్చెను. గాలి వలన నని చెప్పవచ్చును.

గాజు తలుపు వెనుక గోర్డీ డోనట్ల పొట్లముతో వచ్చుచుండెను. లైల్ ఒక్క గుటక కాఫీ త్రాగి, గంభీరముగా తల యూచి, యిట్లనియె:

"అవునండీ. మరీ ఎక్కువైపోయారు."

కావున, శృంగము దక్కకున్నను, మాంసము దక్కకున్నను, లైల్ ఎంగెబ్రెట్సన్ ఆ దినమున మోంటానాను జయించెనని సకలజనులును తెలియుదురు గాక. ఈ విజయమును గన్నులార గాంచినవారు, పైన నుడివిన వృద్ధుండును, ఆ రెండవ పెట్రోలు పంపును.