పైవాళ్ళ స్నానాలగది

ఆ రోజు షూటింగు లేదు. పొద్దున్నే నటుడు పెట్టుకున్న పని ఒక్కటే, పేపరు మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా చదవడం. రెండో పేజీ తిప్పుతుండగా స్నానాలగది గోడమీద తడి మరక ఆయన భార్య కంటపడింది.

"పైనుంచే కారుతున్నట్టుంది. ఒక్కసారి వెళ్ళి చెప్పి రండి."

"నేనా? నువ్వెళ్ళకూడదూ?"

"ప్లంబరు వస్తానన్నాడు, నేనుండాలి. అయినా మిమ్మల్ని చూస్తే చాలు, వాళ్ళే బాగుచేయించేస్తారు."

ఆ మాట ఆయనకు గుచ్చుకుంది. ముప్ఫయ్యేళ్ళుగా సినిమాల్లో ఆయన వేసినవన్నీ ఒళ్ళు జలదరించే వేషాలే. అరవడు, కత్తి తియ్యడు. ఎదుటివాడి పక్కన తాపీగా కూర్చుని, "ఇంట్లో అందరూ కులాసానా?" అని మెల్లగా అడుగుతాడు. ఆ తర్వాత ఆ ఇంట్లో ఎవరూ కులాసాగా ఉండరు. తొలిరోజుల్లో ఒక దర్శకుడు "నువ్వు గొంతు పెంచకు, అదే చాలు" అన్నాడు. ఆ తర్వాత ఎవరూ పెంచనివ్వలేదు. నిజానికి ఆయన గొంతే అంత. బొద్దింక కనిపిస్తే కుర్చీ ఎక్కే మనిషి. ఈ భవనంలోకి వచ్చి ఆరేళ్ళయినా, ఆయనతో నిలబడి నాలుగు మాటలు మాట్లాడినవాడు లేడు.

పైవాటాలో గడియారాలు బాగుచేసే ఆయన ఉంటున్నాడు. తలుపు తీసి, నటుణ్ణి చూసి, గడపలోనే బిగుసుకుపోయాడు.

మర్యాదగా మొదలుపెట్టాలి కదా అని నటుడు చిరునవ్వు నవ్వాడు. "ఇంట్లో అందరూ కులాసానా?"

గడియారాలాయన చేతిలోని స్క్రూడ్రైవరు జారి కిందపడింది.

"మీ స్నానాలగది గురించి ఓ చిన్న మాట..."

"చేయిస్తానండీ! మొత్తం చేయిస్తానండీ!" తలుపు మూసుకుంది.

గంట తిరక్కుండా పైనుంచి దబదబా సమ్మెట దెబ్బలు మొదలయ్యాయి. మరక సంగతి చెప్పనే లేదు, ఏం బద్దలుకొడుతున్నాడో అని నటుడికి కంగారు పుట్టింది. మళ్ళీ మెట్లెక్కాడు. తలుపు బార్లా తెరిచి ఉంది. స్నానాలగదిలో పలకలన్నీ పెకలించి ఉన్నాయి. మధ్యలో సమ్మెట పట్టుకుని గడియారాలాయన, నెత్తినిండా తెల్లటి దుమ్ము.

పాపం, ఎంత శ్రమ పెట్టానో అనిపించి నటుడు ఆయన భుజంమీద చెయ్యి వేశాడు. "ఇంక మీరేం చెయ్యక్కర్లేదు. మిగతాది నేను చూసుకుంటాను."

గడియారాలాయన భార్య ఒక్క పరుగున లోపలి గదిలోకి వెళ్ళింది. పెట్టెలు దించుతున్న చప్పుడు.

"అయ్యో, ఎక్కడికీ వెళ్ళకండమ్మా," అన్నాడు నటుడు. కంగారుపడితే ఆయన గొంతు ఇంకా తగ్గిపోతుంది.

"మా చెల్లెలింటికండీ, రెండ్రోజుల్లో వచ్చేస్తాం," అన్నాడు గడియారాలాయన.

"అలాగా. చెల్లెలుగారి ఇల్లెక్కడ?"

గడియారాలాయన గోడకు చేరగిలబడ్డాడు. "అది మాత్రం చెప్పనండీ. కావాలంటే నన్నేమైనా చేసుకోండి."

నటుడికి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. తెరమీద ఆయన కళ్ళు చెమర్చాయంటే ఆ దృశ్యం అయ్యేలోపు ఎవరో ఒకరు పోతారు. ఆ సంగతి గడియారాలాయనకూ తెలుసు. గట్టిగా కళ్ళు మూసుకున్నాడు.

అప్పుడే నటుడి భార్య ఆయాసపడుతూ లోపలికొచ్చింది.

"ఏమండీ! ఆ మరక మన గోడలో పైపుదేనట! ప్లంబరు ఇప్పుడే చూపించాడు. మీరేమో ఇక్కడ... ఇదేమిటి, వీళ్ళ గది ఇలా తవ్వించారేం?"

"నేనేం అనలేదే! కులాసానా అన్నాను, అంతే..." నటుడు మెల్లగా జరిగి గడియారాలాయన వెనక్కి చేరాడు.

"మాట్లాడకండి! పలకలన్నీ మళ్ళీ వేసేదాకా మీరే దగ్గరుండి చూడాలి. తెలిసిందా?"

"అలాగే, అలాగే."

గడియారాలాయన కళ్ళు తెరిచాడు. తన వెనక నక్కిన మనిషిని చూశాడు, ఎదురుగా ఆవిణ్ణి చూశాడు.

"ఇంట్లో ఇంతేనాండీ?" అని చెవిలో అడిగాడు.

"పెళ్ళయిన దగ్గర్నుంచీ," అన్నాడు నటుడు.

"ఏమిటా గుసగుసలు?" ఆవిడ గడియారాలాయన వైపు తిరిగింది. "నీళ్ళు కారుతున్నాయో లేదో చూసుకోకుండా సమ్మెట పట్టుకుంటారా ఎవరైనా?"

"తప్పయిపోయిందమ్మా," అన్నాడాయన, సమ్మెట వీపు వెనక దాచుకుంటూ.

మధ్యాహ్నం నటుడు ఆ దుమ్ములోనే కూర్చుని వాళ్ళతో రెండు కప్పుల టీ తాగాడు. ఇప్పుడు ఆయన లిఫ్టులో కనిపిస్తే పైవాళ్ళు పరిగెత్తుకొచ్చి ఎక్కుతారు. ఆవిడ ఉంటే మాత్రం, మోకాళ్ళకు మంచిదని మెట్లమీదుగా వెళ్తున్నారు.