ఉల్లిగడ్డకు పార్లమెంటు అనుమతి

విదేశీ దుకాణాలకు మన ప్రభుత్వం పెట్టిన షరతులంత గొప్ప వరం ఈ దేశానికి మరొకటి దక్కలేదని ఈ వారం నేను ఘంటాపథంగా చెప్పదలచుకున్నాను. కాదన్నవాళ్లు నాతో వాదనకు రావచ్చు. చాయ్ ఖర్చు వాళ్లదే!

విదేశీవాడు మన దగ్గర అరకిలో ఉల్లిగడ్డ అమ్మాలంటే ముందు ఢిల్లీలో పార్లమెంటు కూర్చోవాలి. గొంతులు చించుకోవాలి, ఓట్లు వేసుకోవాలి. మొన్న అదే జరిగింది. ఉల్లిగడ్డను కోసి కన్నీళ్లు పెట్టుకోవడమే తప్ప, ఇన్నేళ్లలో మనం దానికి ఇంత మర్యాద ఎప్పుడైనా చేశామా?

షరతులంటే నాకు పుట్టుకతోనే గౌరవం. మాది మంథని. మా ఇంట్లో ఆవకాయ జాడీ ముట్టుకోవాలంటే స్నానం చేసి ఉండాలి, మడి కట్టుకొని ఉండాలి, ఎవరినీ తాకి ఉండకూడదు. అన్నిటికీ మించి మా ఆవిడ ఆండాళమ్మ మంచి మూడ్‌లో ఉండాలి. గోదావరిఖనికి బడిపంతులుగా వచ్చి తల నెరిసింది కానీ, నేను ఇప్పటికీ ఆ జాడీ మూత దాకా వెళ్లలేదు. అలాంటి నాకు ఈ విదేశీ షరతులు చదువుతుంటే సొంతింట్లో ఉన్నట్టే ఉంది.

పది లక్షలకు పైగా జనాభా ఉన్న నగరాల్లోనే దుకాణం తెరవాలట. ఆహా! అంటే మన ఖని వైపు వాడు కన్నెత్తి చూడలేడు. రామగుండం, బసంత్‌నగర్ కలుపుకొని, గోదావరి అవతలి కాసిపేటను కూడా చేబదులు తెచ్చుకున్నా మనకు పది లక్షలు కారు. పుష్కరాలప్పుడు స్నానానికి వచ్చినవాళ్లను పట్టి ఉంచుకుంటే అయ్యేదేమో. పోనివ్వడం మన తప్పు! పైగా మన బొగ్గు గనుల్లో యంత్రాలు పెరిగి మనుషులు తగ్గుతున్నారు. యంత్రాలకు రేషన్ కార్డులిచ్చే పద్ధతి ఇంకా రాలేదు కదా.

పెట్టుబడిలో సగం గిడ్డంగులకు, శీతల గోదాములకు ఖర్చు పెట్టాలన్నది ఇంకా సొగసైన షరతు. మన ఊళ్లో శీతల గోదామా! మే నెలలో దాని తలుపు తీస్తే ముందు సెకండ్ షిఫ్టు మొత్తం లోపలికి దూరుతుంది. ఆ తర్వాత జాగ మిగిలితే టమాటాలు పెట్టుకోవచ్చు.

సరుకులో ముప్పై శాతం చిన్న పరిశ్రమల దగ్గరే కొనాలట. సూటూ బూటూ వేసుకున్న దొర, చీపుర్లు కట్టే మన ఐలవ్వ గడప ముందు నిలబడి బేరమాడడం ఊహించండి! "పొద్దుగాల బోణీ బేరం, ఎక్కువతక్కువ మాట్లాడకు బిడ్డా" అని ఆమె అంటే ఆయన ఏ దేశపు వకీలును పిలిపించుకుంటాడు?

ఇంతకీ ఈ షరతులన్నీ ఎవరి కోసం? చిన్న వ్యాపారుల కోసం. అంటే మా చౌరస్తా లింగవ్వ కోసం!

ఫస్ట్ షిఫ్టు వదిలే వేళకు లింగవ్వ గని రోడ్డు మలుపులో గోనెసంచి పరుచుకొని, ఆకుకూరల గంప ముందు పెట్టుకొని కూర్చుంటుంది. డ్యూటీ నుంచి వచ్చేవాళ్లు బండి దిగరు, ఇంజనైనా బంద్ చేయరు. "కిషనూ, ఇగో నీ గోంగూర!" అని ఆమె లేచి సంచి హ్యాండిల్‌కు తగిలిస్తుంది, కిషన్ సాగిపోతాడు. ఆ మలుపే ఆమె దుకాణం. అది పోతే ఆమెకు బేరం లేదు, ఇంట్లో పొయ్యి లేదు.

ఆమెకు శుభవార్త చెబుదామని మొన్న స్కూటర్ మీద బయలుదేరాను. చౌరస్తాకు చేరానో లేదో ఒక వాచ్‌మన్ ఈల ఊదుకుంటూ ఎదురొచ్చాడు. "రాండ్రి సార్, బండి గిక్కడ పెట్టుండ్రి" అని వంగి మరీ జాగ చూపించాడు. మర్యాదకు కరిగిపోయే మనిషిని, స్టాండు వేసేశాను. తీరా చూస్తే అది లింగవ్వ కూర్చునే జాగ!

ఎదురుగా కొత్త దుకాణం. అద్దాల తలుపులు, ఏసీ, లోపల ప్లాస్టిక్ కవర్లలో గోంగూర. బయట ఓ పక్కన నిలబడి లింగవ్వ గంప సర్దుకుంటోంది.

"ఏందవ్వా ఇది?" అన్నాను.

"కొత్త మార్కెట్ షెడ్డుకు పొమ్మన్నరు సారూ. ఊరవతల. గాడికి డ్యూటీ బండి ఒక్కటన్న వస్తదా? గోంగూర కుక్కలకు అమ్మాల్నా?"

నేను ఆ అద్దాల తలుపుల వైపు తిరిగాను. "అప్పుడే విదేశపోళ్లు వచ్చిండ్రా? మన దగ్గర పది లక్షల జనం లేరు గదా!"

"బయటోళ్లు గాదు సారూ, మనోళ్లేనట. పట్నం కంపెనీ."

నిలబడ్డచోటే షరతులన్నీ మనసులో తిరగేశాను. స్వదేశీవాడికి జనాభా షరతు లేదు. గోదాముల షరతు లేదు. ముప్పై శాతమూ లేదు. వాడి కోసం పార్లమెంటు కూర్చోలేదు, ఒక్క ఎంపీ లేచి నిలబడలేదు. బోర్డు పెట్టాడు, లింగవ్వను లేపాడు, అయిపోయింది! షరతులేమైనా ఉంటే అవి లింగవ్వకే. ఇక్కడ కూర్చోవద్దు, అక్కడ అరవద్దు, సార్ల బండ్లకు అడ్డం రావద్దు.

సముద్రాలు దాటి వచ్చేవాడి కోసం దేశమంతా వాకిట్లో కర్ర పట్టుకొని కాపలా కాస్తుంటే, ఇంట్లోవాడే వెనక నుంచి వచ్చి ముసలమ్మ గంప లాగేశాడు. నాకు ఒళ్లు మండిపోయింది. ఏం దేశమండీ ఇది!

అయినా షరతుల మీద నా నమ్మకం చావలేదు. "నువ్వు ఫికర్ చెయ్యకు లింగవ్వా, నేను సర్కారుకు రాస్త! ఒక్క షరతు చాలు. ఎవడు దుకాణం పెట్టినా సరే, ముందుగాల గా జాగల ఉన్నోళ్లను అడిగే పెట్టాలె!" అన్నాను ఆవేశంగా.

లింగవ్వ నన్ను ఎగాదిగా చూసింది.

"అడిగితె నేనేమంటనో ఆళ్లకు ఎర్కనే సారూ. గందుకే అడుగుత లేరు. రాసుడు తర్వాత గని, మీ బండి జర ఎన్కకు తియ్యిండ్రి. నా గోనెసంచి చక్రం కిందున్నది."