యూనివర్సిటీ మచ్చు

జగ్గయ్యపేటలో కందుల వ్యాపారం చేసే దశరథరామయ్య మచ్చు చూడకుండా ఏ సరుకూ కొనడు. బస్తా మూతి దగ్గరి గింజల్ని నమ్మడు. నడుమ గొట్టం గుచ్చి, లోపలి గింజలు అరచేతిలో పోసుకుని చూస్తాడు. వస్తున్నానని అమ్మేవాడికి ముందుగా చెప్పడు. అందుచేత, కూతురు భారతీదేవికి సముద్రం ఒడ్డున ఉన్న యూనివర్సిటీలో ఎమ్మే సీటు వచ్చిందని ఉత్తరం అందగానే ఆయనకు తోచింది మచ్చు సంగతే.

"సీటు సరే. అక్కడి పిల్లలు ఎట్లా ఉంటారో, ఎవరితో తిరుగుతారో, మన పిల్లకి పడుతుందో లేదో చూడొద్దూ?" అన్నాడు భార్య సీతారావమ్మతో, ఇడ్లీలు తింటూ.

"రేపటి టపాలో జవాబు పోకపోతే సీటు ఇంకొకళ్లకి ఇచ్చేస్తారు నాన్నా," అంది భారతి.

"అందుకే ఇవాళే వెళ్తున్నా. నందిగామలో స్తెఫను మాస్టారి కూతురు ఆ హాస్టల్లోనే ఉంటోందట. సెలవులకి వచ్చింది. చూసి సాయంత్రానికి వచ్చేస్తా."

నందిగామలో బస్సు దిగి, ఆయన నేరుగా మాస్టారింటికి వెళ్లలేదు. వీధి మొదట్లో సోడా తాగుతూ, కొట్టు శాంతయ్యను కదిపాడు.

"మాస్టారి అమ్మాయి ఎట్లాంటిదయ్యా? పొద్దున్నే లేస్తుందా? స్నేహాలెట్లాంటివి? పెద్దల ముందు మాటతీరు ఎట్లా ఉంటుంది?"

"తమరెవరండీ?"

"ఎవరో ఒకళ్లంలే," అని దశరథరామయ్య ముందుకు నడిచి, ఇంకో రెండిళ్ల దగ్గర అవే ప్రశ్నలు వేశాడు.

మాస్టారి అమ్మాయిని చేసుకుంటామన్న ఏలూరు సంబంధంవాళ్లు ఓ పెద్దమనిషిని పంపి వాకబు చేయిస్తామన్నారని ఆ వీధిలో అందరికీ తెలుసు. శాంతయ్య కొట్టు వదిలేసి దొడ్డిదారిన మాస్టారింటికి పరిగెత్తాడు. దశరథరామయ్య గుమ్మం చేరేసరికి అరుగు కడిగి ఉంది. స్తెఫను మాస్టారు ఇస్త్రీ చొక్కాతో ఎదురొచ్చాడు. పాస్టరుగారు అప్పటికే వచ్చి కూర్చున్నారు. పక్కింటి పుష్పవతి కనకాంబరాల దండ తెచ్చి మాస్టారి కూతురు ప్రేమకుమారి జడలో పెడుతోంది. మాస్టారి భార్య ఆరోగ్యమ్మ జీడిపప్పు ఉప్మా పెట్టింది.

ఇంత మర్యాద చూసి దశరథరామయ్యకు సరుకు మీద అనుమానం పుట్టింది.

లోపల ప్రేమకుమారి లెక్క వేరు. ఇంకొక్క ఏడాది చదువుంది. ఈ సంబంధం కుదిరితే ఆ ఏడాది గల్లంతే. ఆమె వచ్చి ఎదురుగా కూర్చుంది.

"హాస్టల్లో ఎట్లా ఉంటుందమ్మా?"

"ఘోరంగా ఉంటుందండి. సాంబారులో ముక్క కోసం వెతుక్కోవాలి. పన్నెండింటిదాకా ఒకటే వాదనలు."

"దేనిమీద?"

"దేనిమీదైనానండి. మొదలుపెట్టేది నేనే."

పాస్టరుగారు దగ్గారు.

"సాయంత్రాలు?"

"పదిమందిమి కలిసి బీచికి పోతాం. నాటకాల్లో మగవేషాలు వేస్తా. పోయినేడు నాకు మీసం కూడా పెట్టారు. పప్పు బాగాలేదని మెస్సులో సమ్మె చేయించింది కూడా నేనేనండి."

"ఈ ఉప్మా అదే చేసిందండీ," అంది ఆరోగ్యమ్మ నీరసంగా.

"ఉప్పెక్కువైంది అందుకేనండి," అంది కూతురు.

దశరథరామయ్య ప్లేటు కింద పెట్టి లేచాడు. మచ్చు తేలిపోయింది. భారతి సీటు వదులుకోవలసిందే. చెప్పుల్లో కాలు పెట్టబోతూ అరుగు మూల చూశాడు. అక్కడ పేరు రాసిన ట్రంకుపెట్టె, తాడుతో బిగించి కట్టిన పరుపుచుట్ట ఉన్నాయి.

"ఇవెవరివి?"

"నావేనండి."

"కాలేజీ ఎప్పుడు తెరుస్తారు?"

"ఇంకా పన్నెండు రోజులుందండి," అంది ఆరోగ్యమ్మ. "పోయిన వారమే సర్దింది. రోజూ విప్పడం, మళ్లీ కట్టడం."

దశరథరామయ్య చెప్పులు వదిలేసి వచ్చి మళ్లీ కూర్చున్నాడు. ముప్పై ఏళ్ల వ్యాపారంలో తమ సరుకును తామే ఇంతగా తిట్టుకున్నవాళ్లను ఆయన ఇద్దర్నే చూశాడు. ఆ ఇద్దరికీ దాన్ని అమ్మే ఉద్దేశం లేదు.

"అమ్మాయ్, మా భారతికి అక్కడే సీటొచ్చింది. చేర్చమంటావా?"

పాస్టరుగారు మాస్టారి వైపు చూశారు.

"తమరు ఏలూరువారు కారా?" అన్నాడు మాస్టారు.

"జగ్గయ్యపేటండి. కందుల వ్యాపారం."

పుష్పవతి ప్రేమకుమారి జడలోంచి దండ తీసుకుని ఇంటికి వెళ్లిపోయింది.

"చేర్చండి," అంది ప్రేమకుమారి, విప్పారిన మొహంతో. "నా గదిలో ఒక మంచం ఖాళీ. ఇందాక చెప్పినవన్నీ..."

"అబద్ధాలా?"

"మీసం నిజమేనండి."

దశరథరామయ్య చల్లారిన ఉప్మా మొత్తం తిని లేచాడు. "ఏలూరువాళ్లు వచ్చేలోగా ఆ పెట్టె లోపల పెట్టుకో," అని చెప్పి బస్సెక్కాడు.

మర్నాటి టపాలో జవాబు వెళ్లింది. భారతి చేరిన నెలకు మొదటి ఉత్తరం వచ్చింది. నాలుగు పేజీలు. పప్పు నీళ్లలాగా ఉందట. ప్రేమకుమారి నిద్రపోనివ్వకుండా వాదిస్తోందట. నాటకంలో తనకు ముసలివాడి వేషం ఇచ్చి, గడ్డం పెట్టారట. ఆ జిగురు రెండు రోజులు వదల్లేదట.

"పిల్ల అక్కడ ఇమడలేకపోతోందండీ. వెళ్లి తీసుకొచ్చేయండి," అంది సీతారావమ్మ కళ్లొత్తుకుంటూ.

దశరథరామయ్య ఉత్తరం మడిచి జేబులో పెట్టుకున్నాడు.

"సరుకుని నాలుగు పేజీలు తిట్టింది. కనీసం దసరా సెలవులకైనా ఇంటికి వస్తుందేమో కనుక్కో," అన్నాడు.