పాటలో మాటలు వినపడితే ప్రమాదం

ఈ కాలం పాటల్లో మాటలు వినపడడం లేదని గోల పెట్టే పెద్దమనుషులారా, మీకో దణ్ణం! వినపడకపోవడం మన అదృష్టం. ఆ డ్రమ్ములు వాయించేవాడి చేతులు చల్లగుండాలి!

నవ్వకండి. మా చిన్నకోడలు రోజూ పొద్దున్నే ఓ పాట పెట్టుకుని ఎగురుతుంది. నడుం తగ్గుతుందట. ఆ పాటలో అబ్బాయి, పిల్ల కాదన్నదని ఏట్లో దూకడానికి బయల్దేరతాడు. మూడో చరణంలో దూకేస్తాడు కూడా. సరిగ్గా అక్కడే మా కోడలు రెండు చేతులూ పైకెత్తి చప్పట్లు కొడుతుంది. మాటలు విని ఉంటే ఏమయ్యేది? మంచం మీద కూలబడి, కళ్ళు తుడుచుకుంటూ ఇంకో నాలుగు బిస్కెట్లు తినేది. నడుం సంగతి గోవిందా!

మొన్నొక పెళ్ళికి వెళ్ళాను. కొత్త జంట హాల్లోకి నడిచి వస్తుంటే, "పోతే పో, నీ పీడ విరగడైంది" అని స్పీకర్లో ఓ అమ్మాయి గొంతు చించుకుంటోంది. వియ్యంకులిద్దరూ కాళ్ళతో తాళం వేస్తున్నారు. ఎంత సఖ్యత! ఆ మాటలే చెవిన పడి ఉంటే అక్షింతలకంటే ముందు కుర్చీలు లేచేవి.

పళ్ళ డాక్టరు దగ్గరా అంతే. "గుచ్చు, ఇంకా గుచ్చు" అని పాట వస్తుంటే బెంచీ మీద బుగ్గలు వాచినవాళ్ళంతా తల ఊపుతున్నారు. నేనొక్కదాన్నే విన్నాను. నేనొక్కదాన్నే లేచి ఇంటికొచ్చేశాను. ఆ పన్ను ఇప్పటికీ సలుపుతోంది. చూశారా, మాటలు వింటే ఎంత నష్టమో!

మా రోజుల్లో ఈ సుఖం లేదు. నాకు చదువు నాలుగో క్లాసుతో సరి. ఏం నేర్చుకున్నా పాటల్లోనే, ఏం చెప్పుకున్నా పాటల్లోనే. కొత్త కోడలిగా ఉన్నప్పుడు, పొగకి కళ్ళు మండిపోతున్నాయని చెప్పే ధైర్యం లేక, గిన్నెలు తోముతూ "కిటికీ లేని గదిలో కన్నీళ్ళకి కొదవేముంది" అని కూనిరాగం తీశాను.

"ఎవర్నే అంటున్నావ్?" అంది మా అత్తగారు.

"పాటండీ అత్తయ్యా."

"పాటైతే ఊళ్ళో తిరగాలి గానీ, మా వంటింట్లో దానికేం పని?"

మూడు రోజులు ఇంట్లో మాటల్లేవు. నాలుగో రోజు మా ఆయన గునపం పట్టుకుని గోడ పగలగొట్టి కిటికీ పెట్టారు. ఒక్క పాటకి నిక్షేపంలాంటి గోడకి చిల్లు! అప్పుడు డ్రమ్ములుంటే ఆ గోడ ఇవాళ్టికీ క్షేమంగా ఉండేది కదా?

ఇంకా నమ్మకం కుదరలేదా? అయితే మా పెద్దబ్బాయి సంగతి చెబుతాను. వాడిది బట్టలుతికి ఇస్త్రీ చేసే షాపు. నేను ఓ మూల స్టూలు మీద కూర్చుని ఊడిన గుండీలు కుడుతుంటాను. మా షాపులో ఒకటే శాసనం: జేబులు వెతకందే బట్ట మిషన్లో పడకూడదు. బస్సు టికెట్టు దొరికినా సరే, వాడు వీధి చివరిదాకా పరిగెత్తి ఇచ్చి వస్తాడు.

వాడికి ఒక్కతే కూతురు. నోటికి మూత ఉండదని దాన్ని అందరం గిలక్కాయ అంటాం. కౌంటర్లో కూర్చునేది. ఓ రోజు, పాటలకి మాటలు రాసే పనికి పోతానంది.

"మాటలెవడు వింటాడే పిచ్చిమొహమా? జనానికి కావాల్సింది దరువు!" అన్నాడు వాడు.

మర్నాడు తెల్లారేసరికి పిల్ల లేదు. ఒక్క ముక్కైనా చెప్పకుండా పోయిందని వీడికి కోపం. నాన్న చొక్కా జేబులో చీటీ రాసిపెట్టి పోయినా ఫోను చెయ్యలేదని దానికి కోపం. పధ్నాలుగు నెలలు!

చీటీ సంగతి నాకెలా తెలిసిందంటారా? పాటలో విన్నాను. అది రాసిన పాట బయటికొచ్చింది. వీధి వీధంతా దానికే ఊగుతోంది. ఢమఢమల కింద ఎక్కడో సన్నగా ఉన్నాయి మాటలు:

*ఊరందరి జేబులూ వెతికే నాన్నా,*
*నీ జేబులో నా చీటీ చూడలేదా?*
*పధ్నాలుగు నెలల ముడత ఇది,*
*నీ చేతి వేడి తగిలితే పోదా?*

మా అబ్బాయికి ఆ పాటంటే ప్రాణం. ఇస్త్రీ బల్ల పైన అలమరలో కుండంత స్పీకరు పెట్టి, రోజంతా అదే. ఆ దరువుకి ఇస్త్రీపెట్టె గుర్రంలా పరిగెడుతుందట.

"మాటలెవరు రాశారో కనుక్కున్నావురా?" అన్నాను.

"మాటలా? ఇందులో మాటలున్నాయా అమ్మా?"

పాట వచ్చిన దగ్గర్నుంచీ గిలక్కాయ రోజూ మధ్యాహ్నం నాకు ఫోను చేసేది. "నాన్న విన్నాడా నాన్నమ్మా?"

"ఎందుకు వినలేదూ! రోజుకి ముప్పైసార్లు."

"ఏమన్నాడు?"

"సౌండు పెంచమన్నాడు. నేను చెప్పేస్తానే వాడికి."

"నా మీద ఒట్టు, చెప్పకు. చీటీ సరే, పాటైనా తనంతట తను వినాలి."

మొండితనంలో తండ్రిని మించిపోయింది. ఇద్దరి మధ్యా నేను గుండీలు కుట్టుకుంటూ నోరు కుట్టేసుకున్నాను.

కానీ ఎంత గొప్ప స్పీకరైనా రోజంతా ఆవిరి తాగితే బతుకుతుందా? పోయిన మంగళవారం బుస్సుమంది. డ్రమ్ములు చచ్చిపోయాయి. గొంతొక్కటే మిగిలింది, సన్నగా, వర్షం వెలిసిన వీధిలా.

కళ్ళజోళ్ళ షాపాయన తెల్లచొక్కా బల్ల మీదుంది. ఇస్త్రీపెట్టె దాని మీద ఆగింది. ఆగిపోయింది. కమురు వాసన వచ్చింది. ముప్పై ఏళ్ళలో వాడు బట్ట కాల్చడం అదే మొదలు.

తలుపు వెనక కొక్కేనికి వేలాడే తన గళ్ళచొక్కా తీశాడు. రోజూ చెమటకి తడిపి, రోజూ ఉతుక్కునే చొక్కా. ఊరందరి జేబులూ వెతికేవాడు, మొదటిసారి తన జేబులో చెయ్యి పెట్టాడు. కుట్టు మూలలో గోరంత కాగితం పీలిక దొరికింది. అక్షరం లేదు. దాన్ని అరచేతిలో పెట్టుకుని చాలాసేపు చూశాడు.

ఇప్పుడు ఫోను చేస్తాడనుకున్నాను. మీరూ అనుకున్నారు కదూ? ఎదురు షాపు మెకానిక్కుని పిలిచాడు!

"ఏం వచ్చిందండీ స్పీకరుకి?" అన్నాడతను.

"పాడైపోయింది," అన్నాడు మా అబ్బాయి, గోడకేసి చూస్తూ. "మాటలు వినపడుతున్నాయి."

విన్నారా! నేను ఇందాకట్నుంచీ మొత్తుకుంటున్నది వాడు ఒక్క ముక్కలో చెప్పేశాడు. పాపం, డ్రమ్ములదేం తప్పు? వాటిని నెత్తిమీద పెట్టుకున్నది మన చేతులే. మాటలు వినపడవని కాదు, వినపడతాయేమోనని.

మర్నాడు, తెల్లదారం అయిపోయిందని చెప్పి రోడ్డు దాటి మెకానిక్కు దగ్గరికి వెళ్ళాను.

"సాయంత్రానికి అయిపోతుందమ్మా," అన్నాడతను.

"కానివ్వకు నాయనా."

"అదేంటమ్మా!"

"పార్టు దొరకలేదని చెప్పు. ఫలానాచోట్నుంచి రావాలని చెప్పు. నీ ఇష్టం."

"ఎన్నాళ్ళని చెప్పమంటారు?"

మా షాపు వైపు చూశాను. అద్దం వెనక మా అబ్బాయి ఫోను పట్టుకుని నిలబడి ఉన్నాడు. బొటనవేలు నంబరు మీదే ఉంది, దిగడం లేదు.

"ఆ వేలు దిగేదాకా," అన్నాను.