శేషం పదిమంది

కేరళలోని కుట్టనాడులో కాలువ అవతలున్న ఆ చిన్న బడిని ఉంచాలో ఎత్తెయ్యాలో తేల్చడానికి మర్నాడు ఆఫీసరు వస్తున్నాడు. మూడో తరగతి పిల్లలకు భాగహారం వచ్చు గానీ, అది దేనికో తెలియదు. లెక్కలోకి కాస్త జీవం తెద్దామని, నలభై రెండేళ్ళొచ్చినా పెళ్ళికాని పంతులు దివాకరన్ మాష్ పొద్దున్నే బోర్డు మీద ఇలా రాశాడు: "రేపు మాష్ పెళ్ళికి నూట ముప్పై మంది కాలువ దాటి బడికి రావాలి. పడవకు నలభై మంది. ఎన్ని పడవలు కావాలి?"

అమ్మిణి లేచింది. "మూడు పడవలు, శేషం పది."

"ఆ పదిమందినీ ఏం చేద్దాం?"

"పక్కన రాసేద్దాం, మాష్."

మాష్ నుదురు పట్టుకున్నాడు. "ఇంటికెళ్ళి పెద్దవాళ్ళని అడిగి రండి."

అమ్మిణి తాత కొచ్చాప్పి పడవల వాడు. మనవరాలి నోట్‌బుక్ రెండుసార్లు చదివించుకున్నాడు. "మాష్‌కి పెళ్ళా? మొహమాటపడి నీ చేత కబురంపాడన్నమాట" అని, ఆ సాయంత్రమే ఇల్లిల్లూ తిరిగి లెక్కపెట్టి మరీ జనాన్ని పిలిచాడు. నోట్‌బుక్‌లో ఉన్నట్టే మూడు పడవలు సిద్ధం చేశాడు.

మర్నాడు పది గంటలకు ఆఫీసరు కోసం రేవులో నిలబడ్డ మాష్‌కి, మల్లెపూలూ తెల్లపంచెలూ నిండిన మూడు పడవలు కనిపించాయి. పాయసం గుండిగను నలుగురు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు. మొదటి పడవలోంచి మాష్ తల్లి భార్గవి అమ్మ దిగింది.

"ఊరందరికీ చెప్పావు, నాకొక్కదానికి చెప్పలేకపోయావట్రా. పిల్ల ఎవరు?"

"పిల్ల లేదమ్మా. అది లెక్క."

"లెక్కా? ఎవరి కూతురు?"

అంతలో అవతలి ఒడ్డు నుంచి కేకలు వినిపించాయి. తొమ్మిది మంది పెళ్ళివారు, వాళ్ళ మధ్య గొడుగు పట్టుకుని ఆఫీసరు. నూట ముప్పైకి ఒకరు తగ్గారని కొచ్చాప్పి బయల్దేరే ముందు ఆయన్నీ పెళ్ళిజనంలో కలుపుకున్నాడు. బడి ఇక మూతబడ్డట్టే అనుకున్నాడు మాష్.

పిల్లలంతా రేవులోకి పరిగెత్తుకొచ్చారు. అమ్మిణి అవతలి ఒడ్డు కేసి చాలాసేపు చూసింది.

"తాతా, మన లెక్క తప్పు. వాళ్ళని పక్కన రాస్తే ఊరుకునేలా లేరు. నాలుగో పడవ కావాలి."

"దేనికే? ఖాళీ పడవలు ఇక్కడున్నాయిగా" అన్నాడు పక్కనున్న తోటి పిల్లాడు షిబు. "ఒకటి మళ్ళీ వెళ్తే సరి."

ఆ జవాబు మాష్‌కే తట్టలేదు.

రెండో విడతలో దిగిన ఆఫీసరు రెండు గ్లాసుల పాయసం తాగి, పిల్లల్ని తిప్పితిప్పి ప్రశ్నలడిగాడు. నోట్‌బుక్ చూసి తల పంకించాడు. "ఒక్క లెక్క నేర్పడానికి ఊరంతటినీ కదిలించారు. ఇంత శ్రమపడే మాష్‌ని నేను చూడలేదు" అన్నాడు. జనమంతా నిజం పెళ్ళనుకునే వచ్చారని ఆయనకు చెప్పే ధైర్యం ఎవరికీ లేకపోయింది.

బడి నిలిచింది. ఆ ఆఫీసరు కిందున్న మిగతా పన్నెండు బడుల్లోనూ ఇదే పాఠం, ఇదే పద్ధతిలో చెప్పి రమ్మని వారం తిరక్కుండానే మాష్‌కి ఉత్తర్వు అందింది.