రెండేళ్ల ఇంటర్వెల్

నెల్లిమర్ల చుట్టుపక్కల ఏ పొలంలో మోటారు కాలిపోయినా ఎల్లాజీ చేతిలో పడితే మళ్లీ తిరగాల్సిందే. రాగి తీగ చుట్టడంలో అంతటివాడు. అలాంటివాడికి రెండేళ్లుగా ఒక్క మనిషిని తనవైపు తిప్పుకోవడం చేతకాలేదు. ఆ మనిషి చినబాబు. మెయిన్ రోడ్డులో జెరాక్సు, డి.టి.పి. దుకాణం అతనిది. దగ్గర్లో తెలుగు టైపు చేసేవాడు అతనొక్కడే కాబట్టి, పెళ్లి కార్డు కావాలన్నా పెద్దకర్మ కార్డు కావాలన్నా జనం అతని దగ్గరికే వెళ్తారు.

ఇద్దరూ ఆరో తరగతి నుంచి బావా అంటే బావా అనుకున్నవాళ్లు. చుట్టరికం ఏమీ లేదు, నోటికి అలవాటైపోయింది. విజయనగరంలో ఏ సినిమా వచ్చినా మొదటి ఆట చూడడం, తిరిగొచ్చి టీ కొట్టు బల్ల మీద ఒన్ బై టూ టీ తాగుతూ ఆ సినిమా సెకండాఫ్ మొత్తం మళ్లీ రాసెయ్యడం. ముప్ఫయ్యేళ్లు ఇదే పని.

ఇప్పుడు ఎల్లాజీ ఒక్కడే ఫుల్ టీ చెప్పి, సగం తాగి, సగం వదిలేస్తున్నాడు. టీ బాగోలేదేటని కొట్టువాడు రెండుసార్లు అడిగి ఊరుకున్నాడు. ఓసారి సినిమాకి పెళ్లాం రాజకుమారిని తీసుకెళ్లాడు. ఆవిడ మొదటి పాటకి నిద్రపోయి, జనం లేచిన చప్పుడికి లేచి, "బాగున్నాది మావా," అంది. చూసింది చెప్పుకోడానికి మనిషి లేకపోతే చూడనట్టేనని ఎల్లాజీకి ఆ రోజు తెలిసింది. మళ్లీ హాలు మొహం చూడలేదు.

చినబాబు తల్లి, తాతమ్మ అనే పెద్దావిడ, పోయినప్పుడు మాత్రం అతనింటికి వెళ్లాడు. చిన్నప్పుడు ఇద్దరికీ ఒకే కంచంలో చద్దన్నం పెట్టిన మనిషి ఆవిడ. గేటు దాకా వెళ్లి, లోపల కూర్చున్న బంధువుల్ని చూసి, వాళ్ల మధ్య తను ఏమవుతాడని చెప్పుకోవాలో తెలియక వెనక్కి వచ్చేశాడు.

గొడవ ఎందుకొచ్చిందో అతనికి నిజంగా తెలియదు. రెండేళ్ల కిందట స్లాబు ఇల్లు కట్టి గృహప్రవేశం చేశాడు. చినబాబు రాలేదు. "స్లాబు సూసి కుళ్లుకున్నాడు," అని ఎల్లాజీ తీర్పు చెప్పేశాడు. ఆ కోర్టులో అప్పీలు లేదు.

ఇలా ఉండగా ఓ ఆదివారం రాజకుమారి చిక్కుడుకాయలు ఒలుస్తూ, ఈనె తీసినంత తేలిగ్గా ఓ మాట అంది.

"చినబాబన్నయ్య దుకాణం ఎత్తేస్తన్నాడంట. కాకినాడలో బావమరిది కాడ ఎట్టుకుంటాడంట. మరో రెండు వారాలు పోతే ఆదివారం విశాఖ బండికి పయనం."

"పోనీ. నాకేటి," అన్నాడు ఎల్లాజీ. అని, కళ్లజోడు డబ్బాని టీవీ వైపు చూపించి రెండుసార్లు నొక్కాడు. టీవీ రాలేదు.

మర్నాడు దుకాణంలో మోటార్లన్నీ పక్కకి నెట్టి, రెండొందల పేజీల నోటుబుక్కు ముందేసుకున్నాడు.

"ఏటి రాస్తన్నావు?" అంది రాజకుమారి, అన్నం క్యారియరు దించుతూ.

"సినిమా కథ. ఏదో పోటీ ఉన్నాదంట. ఇద్దరు పోలీసుల కథ."

"పోలీసులంటే నీకు భయం గదా."

"కథలో భయం ఉండదే. ఇద్దరు పోలీసుల కథకి ఓ లెక్క ఉంటాది, ఇను. ఒకడు ఉప్పు, ఒకడు నిప్పు. మొదట పడదు. పై ఆఫీసరు తిట్టి ఇద్దరినీ ఒకే జీపు ఎక్కిస్తాడు. తిట్టుకుంటా తిట్టుకుంటా దగ్గరవుతారు. ఇంటర్వెల్ కాడ చెడతాది. సెకండాఫ్‌లో ఎవడికాడు ఒక్కడే ఎల్లి దెబ్బలు తింటాడు. ఆఖరికి ఒకడికి తూటా తగిల్తే రెండోవాడు మోస్తాడు."

"ఆ రెండోవాడు రాపోతే?"

"రాపోతే మోసేవాడు లేడు," అన్నాడు ఎల్లాజీ. కలానికి మూత పెట్టాడు. మళ్లీ తీసి, "అన్నిటికన్నా ముఖ్యం క్యారెక్టర్ ఆర్కు," అన్నాడు.

"అరకా? పెళ్లయిన కాణ్ణించి తీసుకెళ్తానంటన్నావు. ఇరవైరెండేళ్లయినాది."

"అరకు కాదే, ఆర్కు. మొదట్లో ఎలగున్నాడో ఆఖరికి అలగుండకూడదు. మనిసి మారాలి."

"మరి నువ్వెప్పుడు మారతావు?"

"నేను రచయితని. రచయిత మారక్కర్లేదు."

ఎల్లాజీ పన్నాగం ఇదీ. కథలో విజయప్రతాప్ అనే ఇన్‌స్పెక్టరు ఉంటాడు. ఆరడుగుల మనిషి, బంగారంలాంటి మనసు. అతనికి చిట్టి అని ఓ కానిస్టేబులు. పొట్ట, కోపం, కుళ్లు. ఇద్దరూ జీడిపప్పు దొంగ జీడి జగ్గడిని తరుముతూ ఉంటారు. ఇంటర్వెల్ దగ్గర విజయప్రతాప్ కొత్త జీపు చూసి చిట్టి కుళ్లుకుని విడిపోతాడు, క్లైమాక్సులో ఏడుస్తూ వచ్చి చేతులు పట్టుకుంటాడు. ఈ కథని చినబాబు చేతే టైపు చేయించాలి. టైపు చేస్తూ చేస్తూ అతను గుండె కరిగి, కంప్యూటరు కట్టెయ్యడం కూడా మర్చిపోయి పరిగెత్తుకు రావాలి. కాకినాడ రద్దవ్వాలి. తను మాత్రం ఓ మెట్టు కూడా దిగక్కర్లేదు.

"పోటీకి టైపు సేసి పంపమన్నారు. ఊళ్లో తెలుగు టైపు ఎవడు సేస్తాడో మరి," అన్నాడు ఫ్యాను కేసి చూస్తూ. "నువ్వే ఎల్లి ఇచ్చిరా. నేను రాసినానని సెప్పకు."

"నీ రాత అన్నయ్యకి తెల్దేటి? పదో తరగతి దాకా నీ లెక్కలే గదా ఎక్కించుకున్నాడు," అంది గాని రాజకుమారి నోటుబుక్కు సంచిలో పెట్టుకుంది.

మూడో రోజుకి మొదటి కాగితాలు వచ్చాయి. ఎల్లాజీ చదివి నిర్ఘాంతపోయాడు. ఆరడుగుల విజయప్రతాప్ అయిదడుగుల మూడంగుళాలకి దిగిపోయాడు, అదీ బూట్లతో కలిపి. కానిస్టేబులు చిట్టి డీఎస్పీ అయిపోయాడు. టైపింగులో ప్రమోషన్ కొట్టేసిన పోలీసు ఇంకెక్కడా ఉండడు.

"సూసినావా, నా కథని ఏం సేసినాడో," అని పెళ్లాం ముందు కాగితాలు ఝాడించాడు. ఆవిడ వంటింట్లోకి వెళ్లగానే మళ్లీ మొదట్నుంచి చదివాడు. సాయంత్రం ఇంకోసారి చదివాడు. రెండేళ్లలో చినబాబు తనతో మాట్లాడింది ఇదే. తిట్టినా సరే, ఆ తిట్టు తన కోసం కూర్చుని టైపు చేసిన తిట్టు.

రాజకుమారి అటూ ఇటూ తిరుగుతూనే ఉంది. ఇక్కణ్ణుంచి చిట్టి పేడగుంటలో పడినట్టు వెళ్తే, అక్కణ్ణుంచి ఇద్దరూ పడినట్టు వచ్చింది, అందులోనూ విజయప్రతాప్ ముందు. చిట్టి ఏడుస్తూ క్షమాపణ అడిగే సీను పంపితే, ఆ పేజీ ఖాళీగా వచ్చింది. అడుగున చిన్న అక్షరాల్లో, 'ఈ సీను కుదరదు. చిట్టి ఏడవడు. ఒక్కడే ఉన్నప్పుడు తప్ప' అని ఉంది. ఆ రోజు ఎల్లాజీ అన్నం సరిగ్గా తినలేదు.

"మీ ఇద్దరి జీపు నేనే అయిపోనాను. పెట్రోలు పోసే దిక్కు లేదు," అంది రాజకుమారి కాళ్లు నొక్కుకుంటూ.

రెండో శనివారం మధ్యాహ్నం ఇంటర్వెల్ సీను వచ్చింది. కొత్త జీపు చూసి చిట్టి కుళ్లుకున్నాడని ఎల్లాజీ రాసి పంపాడు. వచ్చిన కాగితంలో ఇలా ఉంది.

'విజయప్రతాప్ కొత్త జీపు పూజకి ఊరందరికీ వాట్సాప్‌లో కార్డు పంపాడు. కార్డులు చెయ్యడం చిట్టి పని. అయినా చిట్టికి చెప్పలేదు, ఫోనులోనే చేసేసుకున్నాడు. దాని మీద గౌరవనీయులైన చిట్టి గారికి అని ఉంది. ఒరే బావా, పొద్దున్నే వచ్చి మావిడాకులు కట్టరా అని ఒక్కమాట వస్తుందేమోనని, పూజ రోజు చిట్టి కొత్త చొక్కా తొడుక్కుని సాయంత్రం దాకా కూర్చున్నాడు. రాలేదు. చొక్కా విప్పేశాడు.'

నెల్లిమర్ల వైపు గారు అన్నది తాసిల్దారుకి, డాక్టరుకి, కొత్త వియ్యంకుడికి. స్నేహితుడికి గారు తగిలించారంటే ఇక నీ ఇల్లు నీది, నా ఇల్లు నాది అన్నట్టే. ఎల్లాజీ ఫోను గృహప్రవేశం కార్డు పంపినప్పుడు రెండొందల పన్నెండు మందికీ దానంతట అదే గారు తగిలించేసింది. దానికి చినబాబు 'ధన్యవాదములు ఎల్లాజీ గారు' అని బదులిస్తే, చూడు ఎంత పొగరో అని ఎల్లాజీ పళ్లు కొరికాడు. తను ముందు అన్నానన్న సంగతి తట్టనే లేదు.

"నేనే, రాజీ. ముందు నేనే గారు అన్నాను," అన్నాడు. కాగితం మడిచి మళ్లీ విప్పాడు. "ఆడికి కార్డు కూడా సెప్పలేదు. ఆడి పని ఆడికి సెప్పలేదు."

"తెలిసిందా?"

"నీకు ముందే తెల్సా?"

"తెల్సు. సెప్తే ఇన్నావు గనకా? ఇప్పుడు నీ సేతికే అచ్చులో వచ్చినాది." రాజకుమారి అతని పక్కన కూర్చుంది. "సినిమాలో ఇంటర్వెల్ పది నిమిషాలుంటాది మావా. మీది రెండేళ్లు. సమోసాలు తిన్నోళ్లు కూడా ఇళ్లకి ఎల్లిపోనారు. రేపు పదికి బండి. నేను పొద్దున్నే ధనలక్ష్మొదినకి సర్దడంలో సాయానికి ఎల్తాను. నీ ఇష్టం."

ధనలక్ష్మి అంటే చినబాబు భార్య. మర్నాడు రాజకుమారి చెప్పినట్టే వెళ్లిపోయింది. ఎల్లాజీ అద్దం ముందు నిలబడి డైలాగులు వల్లించుకుంటూ తొమ్మిదీ నలభై చేశాడు. స్కూటరు తన్నితే తిరగలేదు. ఊరందరి మోటార్లూ తిప్పే మనిషి లుంగీ ఎగ్గట్టి స్టేషనుకి పరుగు తీశాడు.

ప్లాట్‌ఫారం మీద అటు చివర్నుంచి చినబాబు పరిగెత్తుకొస్తున్నాడు. నెత్తి మీద జుట్టు తగ్గింది. పొట్ట కూడా తగ్గింది. కథలో రాసినంత లేదు. ఇద్దరూ ఎదురెదురుగా ఆగి, రొప్పుతూ, ఒకేసారి అన్నారు.

"ఎల్లకురా బావా."

"నేనెక్కడికెళ్తాను? నువ్వు గదా రాయగడ పోతన్నావు. మోటార్లు అక్కడే సుట్టుకుంటావని సెల్లి సెప్పినాది," అన్నాడు చినబాబు.

"రాయగడేట్రా? నువ్వు గదా కాకినాడ పోతన్నావు. బావమరిది కాడికి."

"నాకు బావమరిదెవడురా? మా మావకి ధనలక్ష్మి ఒక్కతే గదా కూతురు. దాని పెళ్లికి బావమరిది పని నువ్వే సేసినావు."

ఎల్లాజీ నెత్తి కొట్టుకున్నాడు. ఆ పెళ్లిలో తెల్లారేదాకా వడ్డించింది తనే. రెండు వారాలుగా ఆ సంగతి ఒక్కసారి గుర్తొస్తే ఒట్టు.

ఇంతలో విశాఖ బండి వచ్చి ఆగింది. టిక్కెట్లు పట్టుకుని రాజకుమారి, ధనలక్ష్మి పట్టుచీరల్లో దర్జాగా వచ్చి పెట్టె ఎక్కారు. రాజకుమారి కిటికీలోంచి క్యారియరు అందించింది.

"ఎక్కడికే?" అన్నాడు ఎల్లాజీ.

"అరకు. ఈయేళ విశాఖలో మా సెల్లి ఇంట్లో ఉండి రేపు బండెక్కుతాం. మీ ఆర్కు అయిపోయినాది గదా, మా అరకు మేం సూసుకుంటాం."

"మరి నేను?"

"నువ్వు రచయితవి గదా మావా. రచయిత మారక్కర్లేదు. ఇక్కడే ఉండు."

బండి కదిలింది. ధనలక్ష్మి చెయ్యి ఊపింది. మగాళ్లిద్దరూ బల్ల మీద కూర్చుని పట్టాల కేసి చూశారు. వల్లించుకున్న డైలాగుల్లో ఒక్కటీ ఎల్లాజీకి గుర్తు రాలేదు.

"అమ్మ పోయిన రోజు గేటు కాడ నిన్ను సూసినాను," అన్నాడు చినబాబు. "లోపలికి వస్తావనుకున్నాను."

"ఏమవుతానని సెప్పుకుని రావాలో తెల్లేదురా."

"ఇంటి మనిసి సెప్పుకుని వస్తాడేటి?"

ఎల్లాజీ తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. సినిమాలో అయితే విడిపోయిన రెండేళ్లూ ఒక పాటలో అయిపోతాయి. ఇక్కడ ఆ రెండేళ్లలో తాతమ్మ పోయింది. ఇక రాదు. చినబాబు అతని వీపు మీద చెయ్యి వేసి ఉంచాడు.

ఆకలేసి క్యారియరు విప్పారు. ఒక మనిషికి సరిపడా అన్నం, చిక్కుడుకాయ కూర. మూత కింద రాజకుమారి రాసిన చీటీ ఒకటి. 'గౌరవనీయులైన ఎల్లాజీ గారికి, చినబాబు గారికి. ఒన్ బై టూ.'

ఇద్దరూ ఆ గారు వైపు కాసేపు చూశారు.

"సెల్లికి కోపం తగ్గలేదురా," అన్నాడు చినబాబు ముద్ద కలుపుతూ. "ఆళ్లు వచ్చేసరికి రెండిళ్లూ తుడిసి ఉంచుదాం, బావా."